అమ్మ పేరు పెట్టని అమ్మ స్కాలర్‌షిప్: మూడేళ్ల తర్వాత రివ్యూ

5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మా అమ్మ చదువుకున్న కాన్వెంటు స్కూల్లో మా కుటుంబం 2023లో ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. డబ్బు ఇచ్చిన దగ్గర్నుంచి రసీదు, పిల్లల ఎంపిక, ఏడాది చివర లెక్క చెప్పడం దాకా ఆ స్కూలు వాళ్లు ఎలా నడిపారన్నదే ఈ రివ్యూ. "పదమూడు వందల కుక్కర్‌కి రివ్యూ రాశావు, ఆరు లక్షలు పెట్టినదానికి రాయవా" అని చెల్లి పోరితే కూర్చున్నాను. స్కూలు పేరు మాత్రం రాయను, తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి. గుంటూరు వైపు సిస్టర్లు నడిపే ఒక పాత బాలికల స్కూలు, పక్కన బోర్డింగు, వెనక గుడి, గేటు దగ్గర వేపచెట్టు. అలాంటివి మా వైపు చాలా ఉన్నాయి, మీకు తెలిసింది ఏదనుకున్నా ఫర్లేదు. 1904లో హాలండ్ నుంచి గుంటూరుకి వచ్చిన మఠకన్యల దగ్గర్నుంచి లెక్కేస్తే ఈ ప్రాంతంలో ఆడపిల్లల కోసం పెట్టిన కాన్వెంటు బళ్లు ఎన్నో.

ముందు అమ్మ సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

అమ్మ 1954లో పుట్టింది. అమ్మమ్మా తాతయ్యా కూలికెళ్లేవాళ్లు, సీజన్లో మిరపకాయ కోతలు, తర్వాత పొగాకు పని. మా పేటలో అయిదో తరగతి దాకా నడిచే ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్ మిషన్) బడి ఉండేది, బడి అంటే గుడే, అంటే చర్చే, ఆదివారం పూజ జరిగిన చోటే సోమవారం నుంచి పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ప్రార్థనలు నేర్పే ఉపదేశి గారే పంతులు గారు. అయిదు పాసయ్యాక ఆయనే అమ్మని సైకిలెక్కించుకుని, వెనక క్యారేజీకి రేకు పెట్టె కట్టి, కాన్వెంటుకి తీసుకెళ్లి బోర్డింగులో చేర్పించి వచ్చాడు. అది 1965. బోర్డింగుకి నెలకి ఎంత కట్టాలో అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఎవ్వరూ ఆమెని అడగలేదు మరి.

టర్ము మొదలైనప్పుడు క్లాసులో అందరూ రసీదు చూపించాలి. ఆ రోజు పొద్దున్నే కాన్వెంటు పెద్ద మదర్ గారు అమ్మని ఆఫీసు గదిలోకి పిలిచి, చేతిలో ఒక రసీదు పెట్టి, "నీది అయిపోయింది, క్లాసుకి పో" అనేవారట. అంతే. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, నువ్వు బాగా చదవాలి, వాళ్లకోసం ప్రార్థించు, ఇలాంటివేమీ లేవు. పక్కన కూర్చునే రైతుల అమ్మాయి చేతిలో రసీదూ అమ్మ చేతిలో రసీదూ ఒకే రంగు, ఒకే సైజు. అమ్మ ఈ రసీదు సంగతి మాకు చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తిండి గురించీ చెప్పేది, పొద్దున గోధుమ రవ్వ, పాలపొడి కలిపిన పాలు. రెండూ అమెరికావే, క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ ద్వారా వచ్చేవి, సంచుల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఆ సంచులు చించి లోపల లంగాలు కుట్టుకునేవాళ్లట. కానీ తిండి గురించి నవ్వుతూ చెప్తుంది, రసీదు గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారుతుంది.

తెలియని వాళ్ల కోసం ఇంకో ముక్క. దళిత కుటుంబాల్లో పుట్టి క్రైస్తవులైన మాలాంటి వాళ్లకి 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో మమ్మల్ని బీసీ-సి అంటారు, ఒక్క శాతం రిజర్వేషన్. సర్టిఫికెట్లో ఒక మాట, ఊళ్లో పిలిచేది ఇంకో మాట. కాబట్టి మా పేటలో ఆడపిల్ల హైస్కూలు మెట్లెక్కిందంటే అది దాదాపు ఎప్పుడూ మిషన్ బోర్డింగు పుణ్యమే. అమ్మ అక్కడే పది దాటి, నర్సింగ్ ట్రైనింగు చేసి, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 2012లో రిటైరైంది. మేం ముగ్గురం, అన్నయ్య డాలస్‌లో, నేను హైదరాబాద్‌లో, చెల్లి నరసరావుపేటలో టీచరు.

2022 ఆగస్టు 27న పూల అంతోని గారు రోములో కార్డినల్ (క్యాథలిక్ సభలో పోప్ తర్వాతి హోదా) అయ్యారు కదా, తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోంచి కూడా మొదటి వారు, కర్నూలు జిల్లా మనిషి. అమ్మ ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. పేదరికం వల్ల ఆయన చదువు చిన్నప్పుడే ఆగిపోబోతే మిషనరీలు ఆదుకున్నారని పేపర్లో వచ్చింది. తర్వాత కడపలో ఫాదర్‌గా ఉన్నప్పుడు పేద పిల్లల చదువుకి విదేశీ దాతల్ని కలిపే సంస్థ పని కూడా ఆయన చూశారు. అది చదివి అమ్మ అన్న మాట, "చూశావా, ఆయనకీ ఎవరో కట్టారు." ఇంకేం అనలేదు. మా ముగ్గురికీ అదే గుచ్చుకుంది.

తర్వాతి ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత పండక్కి అందరం కలిశాం, అన్నయ్య కూడా వచ్చాడు. ఏటా 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లు, తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, కొండ దిగేసరికి మోకాళ్లు ఉండవు. దిగి ఒక టీ కొట్టు దగ్గర కూర్చుంటే అన్నయ్య మొదలెట్టాడు. వాళ్ల పిల్లలు అక్కడ క్యాథలిక్ స్కూల్లోనే చదువుతున్నారు. అక్కడ ఫలానా ఫ్యామిలీ స్కాలర్‌షిప్ అని కుటుంబాల పేరుతో పెట్టడం మామూలేనట, తాత చదివిన స్కూలుకి మనవలు ఇస్తూనే ఉంటారట, ఏడాదికోసారి విందు, రంగుల బ్రోచరు, గోడ మీద ఇత్తడి పలకలు. మనం కూడా అమ్మ పేరుతో పెడదాం అన్నాడు. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఇత్తడి పలక తోమేదెవర్రా" అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ అన్నయ్యది తొందర. అమ్మ స్కూల్ని అడగడానికి ముందే ఎవరో ఫ్రెండు చెప్పాడని ఇంకో టౌన్లో ఒక పెద్ద స్కూలుకి మెసేజ్ పెట్టాడు. వాళ్లు అరగంటలో వాట్సాప్‌లో ఒక రేట్ల పట్టిక పంపారు. ఇంతైతే తరగతి గది తలుపు మీద పేరు, ఇంతైతే వార్షికోత్సవంలో స్టేజీ మీద సన్మానం, ఇంకా పైన ఇస్తే ఆడిటోరియంలో ఫొటో. తప్పని నేననను, స్కూళ్లకి డబ్బు కావాలి, అడగడానికి వాళ్ల పద్ధతి వాళ్లది. నమూనాకి ఒక ఫొటో కూడా పంపారు. స్టేజీ, వెనక ఫ్లెక్సీ, దాతల కుటుంబం మొత్తం పట్టుచీరల్లో, మధ్యలో థర్మాకోల్‌తో చేసిన పెద్ద చెక్కు, ఆ చెక్కుకి ఒక మూల పట్టుకుని ఎనిమిదో తొమ్మిదో చదివే అమ్మాయి. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, ఆ పిల్ల కింద తన చెప్పుల వైపు చూస్తోంది. అమ్మ ఫోన్ని దగ్గరికి తీసుకుని, రెండు వేళ్లతో ఆ పిల్ల మొహం పెద్దది చేసి చూసి, నాకు తిరిగి ఇచ్చేసింది. అన్నయ్యకి నేను ఫోన్ చేసి అది కుదరదని చెప్పాను. ఎందుకని అడిగాడు, ఫొటో జూమ్ చేసి చూడు అన్నాను. ఆ తర్వాత మళ్లీ ఆ స్కూలు ఊసెత్తలేదు.

ఇక మా స్కూలు. 2023 ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని వెళ్లాం. ఆఫీసు గది అదేనట, బీరువా కూడా అదేనని అమ్మ అంటుంది గానీ నాకు నమ్మకం లేదు. హెడ్ మిస్ట్రెస్ సిస్టర్ గారికి నలభై అయిదేళ్లుంటాయి, చాలా స్పీడు మనిషి. మేం వచ్చిన పని విని మొదట అడిగింది ఎంత ఇస్తారని కాదు, "పిల్లలకి ఇవ్వాలా, బిల్డింగుకా?" అని. పిల్లలకి అంటే, "హమ్మయ్య, బిల్డింగుకైతే అందరూ ఇస్తారు" అన్నారు. ఇక్కడే నా దగ్గర ఒక మార్కు కొట్టేశారు ఆవిడ.

అసలు ఇప్పుడు స్కాలర్‌షిప్ అవసరం ఎందుకొచ్చిందో ఆవిడ చెప్పింది వినండి, బయట చాలామందికి తెలియని విషయం. ఈ స్కూళ్లలో చాలావాటికి ఎయిడెడ్ సెక్షన్లు ఉండేవి, టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చేది, అందుకని పిల్లల దగ్గర ఫీజు నామమాత్రం. 2021లో ఎయిడెడ్ సంస్థల మీద ప్రభుత్వం కొత్త ఉత్తర్వులు తెచ్చింది, చాలా చోట్ల ఎయిడెడ్ టీచర్లు ప్రభుత్వ బళ్లకి వెళ్లిపోయారు. ఇక్కడా వెళ్లిపోయారు. మిగిలిన టీచర్ల జీతం ఎక్కడ్నించి రావాలి? ఫీజులోంచే. కూలీల పిల్లల కోసం పెట్టిన స్కూల్లో కూలీల పిల్లలు చేరలేని పరిస్థితి. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే అమ్మ ఒడి డబ్బులు పడేవి నిజమే, కోతలు పోను తల్లి ఖాతాలో 13,000. మధ్యలో పథకం మారినప్పుడు ఒక ఏడాది అదీ లేదు, 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో మళ్లీ మొదలైంది. ఆ డబ్బు ఫీజుకే పోతుందన్న గ్యారంటీ లేదు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు ముందు నిలబడితే ఫీజు వెనక్కి పోతుంది. నేను తప్పు పట్టను.

డబ్బు లెక్క. అన్నయ్య 3 లక్షలు, నేను 2 లక్షలు, చెల్లి 60 వేలు, అమ్మ తన పెన్షన్‌లో దాచుకున్న 40 వేలు. మొత్తం 6 లక్షలు. దీన్ని మూలనిధిగా బ్యాంకులో ఫిక్స్ చేసి వడ్డీతో ఏటా ఇద్దరు పిల్లలకి కట్టాలని ఒప్పందం. అప్పుడు 7 శాతం దొరికింది, అంటే ఏడాదికి 42,000. ఆ ఏడాది ఫీజు 18,500, పుస్తకాలూ యూనిఫామూ 3,500, పిల్లకి 22,000, ఇద్దరికి 44,000. మొదటి ఏడాదే 2,000 తక్కువ! సర్లే చిన్న మొత్తమే కదా అని వేశాం. ఈ ఏడాది ఫీజు 22,500, పుస్తకాలవీ 4,200, ఇద్దరికీ కలిపి 53,400. వడ్డీ మాత్రం అదే 42,000. అంటే 11,400 చేతి నుంచి. ఫీజు ఏటా పెరుగుతుంది, వడ్డీ పెరగదు, అసలు కదపకూడదు. బ్యాంకులో పనిచేసే మా వారు మొదట్లోనే చెప్పారు, నేనే వినలేదు. ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు డబ్బంతా మూలనిధిలో ఇరికించకండి, సగం అలా వేసి, సగం మీ దగ్గరే ఉంచుకుని ఏటా జూన్‌లో లోటు పూడ్చండి. ఇంకోటి, మూలనిధి కోసమే ఇస్తున్నామని ఉత్తరంలో స్పష్టంగా రాసివ్వాలి, లేకపోతే మామూలు విరాళం కింద ఆ ఏడాదే ఖర్చు పెట్టేయొచ్చు. ఈ సంగతి సిస్టర్ గారే చెప్పి మా చేత రాయించారు. ఆవిడ చెప్పకపోతే మాకు తెలిసేది కాదు.

అన్నయ్య డబ్బుతో పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆయన అమెరికా పౌరుడు, భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. మనం అనుకుంటాం, సొంత తల్లి స్కూలుకి కొడుకు డబ్బు పంపితే ఎవరికేంటి అని. చట్టం లెక్కలో ఆయన విదేశీ దాత. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే పంపాలి, అదీ 2020 సవరణ తర్వాత ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై అయితే ఈ గొడవ లేదు, అమెరికాలో ఉన్నా మామూలు విరాళమే. కాబట్టి పంపే ముందు పాస్‌పోర్టు రంగు చూసుకోండి. స్కూలుకి విడిగా రిజిస్ట్రేషన్ లేదు, సిస్టర్ల సభకి చెందిన సొసైటీకి ఉంది, స్కూలు ఆ సొసైటీ కిందదే కావడంతో సరిపోయింది. వేరే సంస్థ అయితే కుదిరేది కాదు, ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయడాన్ని కూడా అదే సవరణ ఆపేసింది. సిస్టర్ల ప్రధాన ఆఫీసు నుంచి ఉత్తరాలు, అన్నయ్య నుంచి ఉత్తరాలు, మొత్తం నాలుగు నెలలు పట్టింది. విదేశీ డబ్బు విడిగా ఉంచాలి కాబట్టి మా ఒక్క స్కాలర్‌షిప్‌కి రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు. అన్నయ్య కంపెనీ వాళ్లు ఉద్యోగి ఎంతిస్తే అంత కలుపుతారట, కానీ అమెరికాలో నమోదైన సంస్థలకే, మన ఊరి కాన్వెంటుకి కాదు. ఆ ఆశ కూడా పోయింది. అమ్మ మాత్రం, "మీ దేశం రవ్వ రావడానికి ఇన్ని కాయితాలు లేవురా" అని ఏడిపించింది.

ఇక్కడ విసుగు వచ్చిన సంగతి, పన్ను కాయితం. మేం ఇచ్చినప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 80జీ కింద, ఇచ్చిన దాంట్లో సగానికి మినహాయింపు వచ్చేది, పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే. దానికి మామూలు రసీదు చాలదు, సంస్థ ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టి ఫారం 10బీఈ అని ఒకటి ఇవ్వాల్సి ఉండేది, ఏడాది ముగిశాక మే 31 లోపు. మాకు జులై మధ్యలో వచ్చింది, అదీ చెల్లి నాలుగుసార్లు తిరిగాక. మొదటిసారి వచ్చినదాంట్లో నా పాన్ నంబరులో ఒక అక్షరం తప్పు. రిటర్న్ గడువు ముంచుకొస్తుంటే మా ఆడిటరు మొహం చూడాలి. ఆఫీసులో ఒక్కావిడే, అడ్మిషన్లు, టీసీలు, బస్సు, అన్నీ ఆవిడే, అది అర్థమవుతుంది. అయినా 2 లక్షలు ఇచ్చినవాళ్లకి ఒక కాయితం టైముకి ఇవ్వలేరా అనిపిస్తుంది. ఈ ఏడాది జూన్ మొదటి వారంలోనే ఇచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి.

పిల్లల ఎంపిక గురించి పెద్ద గొడవే జరిగింది, మా ఇంట్లో. అమ్మ పెట్టిన షరతులు ఒక పేజీ మీద చెల్లి చేత రాయించింది. ఆడపిల్లలై ఉండాలి, ఆరు నుంచి పది దాకా ఒకే పిల్లకి కట్టాలి, మధ్యలో మార్కులు తగ్గాయని ఆపకూడదు, క్రైస్తవులే కానక్కర్లేదు, పిల్లకి గానీ వాళ్ల ఇంట్లో గానీ మా పేరు చెప్పకూడదు, మాకు వాళ్ల పేరు చెప్పకూడదు. చివరిది విని అన్నయ్యకి కోపమొచ్చింది. "నా మూడు లక్షలు ఎవరికి పోతున్నాయో నాకు తెలియొద్దా? వేరెవరికైనా కట్టి మనకి చెప్తే?" అడగాల్సిన ప్రశ్నే, నాకూ లోపల ఆ అనుమానం ఉంది. స్పీకర్‌ ఫోన్లో ఉన్నాడు, సిస్టర్ గారు విన్నారు. ఏమీ అనకుండా లేచి బీరువా తీసి ఒక పాత రిజిస్టరు తెచ్చారు, అంచులు పురుగు కొట్టేసిన బోర్డింగు రిజిస్టరు. అమ్మ చేరిన సంవత్సరం అడిగి, తిప్పుకుంటూ తిప్పుకుంటూ వెళ్లి ఒక చోట వేలు పెట్టారు. అమ్మ పేరు, మా తాతయ్య పేరు, ఊరు, చేరిన తేదీ. ఆఖరి గడిలో ఉపకారి అన్న చోట ఇంగ్లీషులో నాలుగు మాటలు. జర్మనీ, ఒక కుటుంబం అని అర్థం. అంతే రాసుంది. పేరు లేదు. అమ్మ వేలితో ఆ గడి మీద రుద్దింది, కింద ఇంకేమైనా ఉందేమో అన్నట్టు. ఆరేళ్లు కట్టారట, వరసగా. ఫోన్లో అన్నయ్య "ఏమైంది, లైన్లో ఉన్నారా" అంటున్నాడు, ఎవరం పలకలేదు.

ఆ కుటుంబానికి ఏం తెలుసో, అమ్మ ఉందని తెలుసో లేదో. వాళ్లు కూడా వాళ్ల ఊళ్లో ఏదో మఠం బడిలో చదువుకున్నవాళ్లేమో అని చెల్లి అంది, ఎవరికి తెలుసు. అన్నయ్య ఆ రాత్రి ఫోన్ చేసి షరతులన్నీ సరే అన్నాడు, ఒక్కటి మాత్రం కలిపాడు, లెక్క మాత్రం ప్రతి ఏడాదీ కాయితం మీద ఇవ్వాలని. న్యాయమే. ఎంపిక సిస్టర్ గారు, క్లాసు టీచరు, స్కూలుకి సంబంధం లేని ఒక రిటైర్డ్ టీచరు, ముగ్గురూ కలిసి చేస్తారు. మాకు వచ్చేది పిల్ల 1, పిల్ల 2 అని, క్లాసు, హాజరు, కట్టిన ఫీజు రసీదు నకలు, పేరు మీద నల్ల సిరా పూసి. మొదటి ఏడాది లెక్క ఒక్క లైనులో పంపారు, "మీ డబ్బు సద్వినియోగమైంది, దేవుడు దీవించుగాక" అని. దీవెన మంచిదే గానీ అన్నయ్యకి అది సరిపోదు కదా, గట్టిగా అడిగాక రెండో ఏడాది నుంచి సరైన లెక్క వస్తోంది.

ఇప్పుడు కోసిన మార్కు. పన్ను కాయితానికి కాదు, ఒక్క లైను లెక్కకీ కాదు.

మొదటి ఏడాది చివర్లో స్కూలు వార్షికోత్సవానికి అమ్మని పిలిచారు, పూర్వ విద్యార్థినిగా. వెనక వరసలో కూర్చున్నాం. పిల్లల డ్యాన్సులు, బైబిల్ నాటిక, బహుమతులు, అన్నీ బాగానే నడుస్తున్నాయి. కొత్తగా చేరిన ఒక టీచరు మైకులో, ఈ ఏడాది దాతల సాయంతో చదువుతున్న విద్యార్థినులు అంటూ పేర్లు చదవడం మొదలుపెట్టింది, ఒక్కొక్కళ్లూ లేచి నిలబడండి, అందరూ చప్పట్లు కొట్టండి అని. ఎనిమిది తొమ్మిది మంది లేచారు, వేరే దాతల పిల్లలూ ఉన్నారు కాబట్టి మా ఇద్దరూ ఎవరో ఇప్పటికీ తెలీదు. అందులో ఆరో తరగతి యూనిఫామ్‌లో ఒక చిన్న పిల్ల లేచి, చుట్టూ చూసి, చప్పట్లు ఆగకముందే కూర్చుండిపోయింది. అమ్మ చప్పట్లు కొట్టలేదు. తర్వాత టీ బిస్కెట్లకి పిలిస్తే రానంది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. యాభై ఎనిమిదేళ్ల కిందట ఆమెకి జరగనిది, ఆమె డబ్బుతో ఆమె కళ్ల ముందు ఇంకో పిల్లకి జరిగింది. ఒప్పందంలో రాసినా జరిగింది, ఎందుకంటే ఆ కాయితం సిస్టర్ గారి బీరువాలో ఉంది, మైకు పట్టుకున్న టీచరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు చెల్లి వెళ్లి చెప్పింది. సిస్టర్ గారు ఒక్క సాకు కూడా చెప్పలేదు, సాయంత్రం ఆటోలో చెల్లి ఇంటికొచ్చి అమ్మకి క్షమాపణ చెప్పారు. ఫ్యాకల్టీ మీటింగులో అందరికీ చెప్పామన్నారు. తర్వాతి రెండేళ్లూ చదవలేదు, నేను కనుక్కున్నాను. అయినా మార్కు వెనక్కి ఇవ్వలేను, ఎందుకంటే ఆ చిన్న పిల్ల లేచి నిలబడాల్సి వచ్చింది, అది వెనక్కి పోదు. మీరు ఎక్కడైనా ఇలాంటిది పెడుతుంటే ఈ షరతు హెడ్ మిస్ట్రెస్‌కే కాదు, స్టాఫ్ రూములో అందరికీ తెలిసేలా చూసుకోండి. స్కూళ్లలో సిస్టర్లు మూడేళ్లకో ఆరేళ్లకో బదిలీ అవుతుంటారు, మా సిస్టర్ గారు కూడా వచ్చే ఏడాది వెళ్లిపోవచ్చు. కొత్తగా వచ్చేవారికి మా పేజీ కనపడుతుందో లేదో అన్న భయం నాకుంది.

పేరు సంగతి చెప్పనే లేదు. రిజిస్టర్లలో ఏదో ఒక పేరు ఉండాలి కదా, అమ్మ తన పేరు వద్దంది. అన్నయ్య ఉపదేశి గారి పేరు పెడదామన్నాడు, అమ్మకి అది నచ్చింది గానీ వాళ్ల కుటుంబాన్ని అడగాలంది, వాళ్ల మనవడు ఎక్కడున్నాడో ఇంకా తెలియలేదు. ఈలోగా స్కూలు లెక్కల్లో మాది "ఫండ్ నంబర్ 7". అన్నయ్య డాలస్‌లో వాళ్ల స్కూలు విందులో దీని గురించి చెప్తే పక్కనున్నాయన, మంచి పేరు, ఏదైనా అర్థముందా అని అడిగాడట.

చివరగా ఒకటి, ఇది ఎవరూ ముందుగా ఆలోచించరు. ఫీజు ఒక్కటే కడితే బోర్డింగు పిల్లకి చాలదు. అమ్మకి ఫీజు గురించి ఎప్పుడూ సిగ్గు పడాల్సి రాలేదు గానీ తలకి నూనె లేక సిగ్గుపడేదట. కొబ్బరినూనె, బట్టల సబ్బు, దసరాకి ఊరెళ్లడానికి బస్సు డబ్బులు, ఇవి ఏ స్కాలర్‌షిప్‌లోనూ ఉండవు. పక్కమంచం అమ్మాయి సీసాలోంచి అడుక్కుని రాసుకున్న రోజులున్నాయట. అందుకని మొదటి రోజే అమ్మ ఆ పేజీలో తన చేత్తో ఇంకో లైను రాసింది, ఫీజు కాక పిల్లకి నెలకి 300 రూపాయలు, నూనెకీ సబ్బుకీ, పిల్ల చేతికే ఇవ్వాలి, లెక్క అడగకూడదు అని. ఈ డబ్బు వడ్డీలోంచి కాదు, ప్రతి నెలా అమ్మ పెన్షన్‌లోంచి వెళ్తుంది. ఆడిటు కోసం ఏదో ఒకటి చూపించాలని సిస్టర్ గారు ఇబ్బంది పడ్డారు, చివరికి చిల్లర ఖర్చులు అనే పద్దు కింద సర్దారు.

పోయిన నెల సిస్టర్ గారు ఫోన్ చేశారు. ఇద్దరిలో ఒకమ్మాయి పెద్దదైంది, ఆ మూడు వందల్లోంచి ప్యాడ్లు కొనుక్కోవచ్చా అని వచ్చి అడిగిందట, నూనెకీ సబ్బుకీ అని రాసుంది కదా అని. సిస్టర్ గారికి ఏం చెప్పాలో తెలియక అమ్మని అడుగుతున్నారు.

"అడగడమేంటమ్మా," అంది అమ్మ, "వచ్చే నెల నుంచి నాలుగు వందలు చేయండి. ఇద్దరికీ."